ఆ సున్నా ఎవరిది? ఏషియాడ్‌లో మన చివరి ఫుట్‌బాల్ మెడల్, ఒక హైదరాబాద్ డిఫెండర్

మంగళగిరి నుంచి మళ్ళీ నేనే. ఈ రోజు ఎపిసోడ్ ఫుట్‌బాల్ గురించి. "మనకెందుకు బ్రో ఫుట్‌బాల్" అని అప్పుడే స్క్రోల్ చేసేయకండి. రెండు నిమిషాలు ఆగండి.

నేను స్కూల్లో ఉన్నప్పుడు ఫుట్‌బాల్ టీములు పంచుకునే పద్ధతి ఒకటి ఉండేది. బాగా పరిగెత్తేవాళ్ళు ముందు. బంతి ఎవడిదైతే వాడు ఎక్కడ కావాలంటే అక్కడ. లావుగా ఉన్నవాడు గోల్ కీపర్. ఇక మిగిలినవాళ్ళని, అంటే నాలాంటివాళ్ళని, "నువ్వు బ్యాక్‌లో నిలబడు రా" అనేవాళ్ళు. బ్యాక్ అంటే పని ఇవ్వడం కాదు, పక్కన పెట్టడం. మా గ్రౌండ్‌లోంచి నరసింహస్వామి గుడి గాలిగోపురం కనిపించేది. బంతి మా వైపు రానంతసేపూ నేను దాన్నే చూస్తూ నిలబడేవాణ్ణి. బంతి వచ్చి, నేను ఆపలేకపోతే మాత్రం మొత్తం టీమంతా నన్నే తిట్టేది. ఆపితే? ఆపితే ఎవడూ చూసేవాడు కాదు. అందరూ అప్పటికే అవతలి గోల్ వైపు పరిగెత్తుతూ ఉండేవాళ్ళు.

తర్వాత బీటెక్, తర్వాత హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నన్ను ఎక్కడ వేశారో తెలుసా? ప్రొడక్షన్ సపోర్ట్. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోకుండా చూసే పని. అక్కడా బ్యాకే అన్నమాట! ఒకసారి అప్రైజల్ మీటింగ్‌లో మా మేనేజర్ అడిగాడు, "ఈ సంవత్సరం నువ్వు ఏం చేశావ్?" అని. నేను నిజమే చెప్పాను. "ఏమీ జరగకుండా చూశాను సార్." ఆయన నవ్వాడు. రేటింగ్ మాత్రం నవ్వేలా లేదు. కొత్త ఫీచర్ రాసినవాడికి ప్రమోషన్ వచ్చింది. ఆ ఫీచర్ మూడుసార్లు పడిపోతే మూడుసార్లూ లేపింది నేను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న పాత ఏషియన్ గేమ్స్ రికార్డులు చూస్తుంటే ఒక స్కోరు దగ్గర ఆగిపోయాను. 1970 డిసెంబర్, బ్యాంకాక్. కాంస్య పతకం కోసం మ్యాచ్. ఇండియా 1, జపాన్ 0.

ఇప్పటిదాకా ఏషియన్ గేమ్స్ మగవాళ్ళ ఫుట్‌బాల్‌లో ఇండియాకి వచ్చిన చివరి మెడల్ అది. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. యాభై ఏళ్ళు దాటిపోయాయి.

ఆ స్కోరులో ఒకటి ఉంది చూశారా, దానికి ఓనర్ ఉంటాడు. గోల్ కొట్టినవాడు. మరి ఆ సున్నా ఎవరిది? రెండేళ్ళ ముందే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో, కాంస్యం గెలిచిన దేశం జపాన్. అలాంటి దేశాన్ని సున్నా దగ్గర ఆపింది ఎవరు? ఆ రోజు మన జట్టు కెప్టెన్ ఒక డిఫెండర్. పేరు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టారు.

నిజం చెప్తున్నా, నాకు ఆ పేరు తెలియదు. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను, క్రికెట్ స్కోర్లు నిద్రలో అడిగినా చెప్తాను, ఈ పేరు మాత్రం వినలేదు. అందుకే ఈ ఎపిసోడ్.

డిఫెండర్ అంటే ఎవరు?

కథలోకి వెళ్ళే ముందు ఆట గురించి కొంచెం. పాతకాలం ఫుట్‌బాల్‌లో వెనక ఇద్దరే ఉండేవాళ్ళు. ముందు ఐదుగురు, మధ్యలో ముగ్గురు, వెనక ఇద్దరు. చాలా ధైర్యం కదా? ఆ ధైర్యం వెనక ఆఫ్‌సైడ్ రూల్ ఉంది. అప్పట్లో ముందుకు పాస్ అందుకోవాలంటే, తనకీ గోల్ లైన్‌కీ మధ్య అవతలి జట్టువాళ్ళు కనీసం ముగ్గురు ఉండాలి. అందుకని ఒక బ్యాక్ రెండడుగులు ముందుకొస్తే చాలు, ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో ఇరుక్కునేవాడు. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరు చేశారు. దెబ్బకి గోల్స్ వర్షం. అప్పుడు ఇంగ్లాండ్‌లో మధ్య వరుస నుంచి ఒకణ్ణి వెనక్కి లాగి, ఇద్దరు బ్యాక్‌ల మధ్యలో నిలబెట్టడం మొదలైంది. అతని పని ఒకటే, ఆపడం. కలకత్తా వాళ్ళు ఆ పొజిషన్‌ని ఇప్పటికీ 'స్టాపర్' అనే అంటారు. పేరులోనే పని ఉంది.

మంచి స్టాపర్ ఎక్కువగా కింద పడి జారుతూ బంతి లాక్కోడు. అలా జారాల్సి వచ్చిందంటే అంతకుముందే ఎక్కడో లేటయ్యాడని అర్థం. ముందే సరైన చోట నిలబడితే అవతలివాడు అటు పాసే ఇవ్వడు. ఇవ్వని పాస్ ఏ హైలైట్స్‌లో వస్తుంది చెప్పండి?

పోలీస్ జట్టు

ఇప్పుడు హైదరాబాద్ వెళ్దాం. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి సెక్రటరీగా వచ్చిన మనిషి ఒక స్కూల్ టీచర్. సయ్యద్ అబ్దుల్ రహీం. 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకి తెలుసు. 1950 నుంచి ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు ఏం చేసిందో వినండి. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ని ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఐదు! కానిస్టేబుల్ ఉద్యోగాలు చేసుకుంటూ ఆడిన కుర్రాళ్ళు అలా గెలిచారు.

ఆ జట్టులోనూ ఒక బ్యాక్ ఉన్నాడు. సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌కి వెళ్ళిన భారత జట్టులో ఆయన ఉన్నారు. అక్కడ యుగోస్లావియా మనని 10-1తో చితక్కొట్టింది. అప్పటిదాకా మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడేవాళ్ళు. ఆ పది గోల్స్ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళ తర్వాత 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. కోచ్ రహీం. మళ్ళీ అజీజుద్దీన్ ఉన్నారు. ఆయనతోపాటు అబ్దుల్ లతీఫ్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, గోల్‌లో పీటర్ తంగరాజ్, ముందు తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్. అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ నుంచి వచ్చినవాళ్ళే. ఇండియా నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ టోర్నీ పేరెత్తితే అందరూ చెప్పే మాట ఒకటే, ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. కరెక్టే, చెప్పాలి. ఆ మ్యాచ్ 4-2తో గెలిచాం. వెనక నిలబడినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు.

1962 జకార్తా ఏషియాడ్ ఇంకా తమాషా. ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చాం. గోల్ కొట్టిన ఇద్దరిలో ఒకరు పీకే బెనర్జీ, రెండోవాడు జర్నైల్ సింగ్. జర్నైల్ అసలు డిఫెండర్. తలకి గాయమై కుట్లు పడితే, రహీం సాబ్ ఆయన్ని తీసుకెళ్ళి ముందు ఆడించారు. ఆయన గోల్ కొట్టేశాడు. చూశారా? డిఫెండర్ పేరు చరిత్రలో ఉండాలంటే డిఫెన్స్ వదిలేసి ముందుకెళ్ళాల్సి వచ్చింది!

ఆ ఫైనల్ నాటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఆయన తయారుచేసిన ఆఖరి బ్యాచ్ కుర్రాళ్ళలో ఒకరు మన నయీముద్దీన్. ఈయన కూడా ఆ సిటీ పోలీస్ జట్టులోనే మొదలయ్యారు.

కలకత్తా రైలు

ఇక్కడ ఆంధ్రావాళ్ళకి ఒక సర్‌ప్రైజ్. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1965-66లో గెలిచింది ఎవరో తెలుసా? ఆంధ్రప్రదేశ్. కేరళలోని కొల్లంలో, ఫైనల్లో బెంగాల్‌ని ఓడించి. అవును, ఫుట్‌బాల్ అంటే ప్రాణం ఇచ్చే బెంగాల్‌నే. ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఆ ట్రోఫీ వచ్చింది ఆ ఒక్కసారే. అంతకుముందు 1956-57లో, 1957-58లో హైదరాబాద్ పేరుతో వచ్చింది. రాష్ట్రం విడిపోయింది, రాజధాని మారింది, మా పక్కనే అమరావతి వచ్చింది. ట్రోఫీ మీద పేరు మాత్రం అలాగే ఉంది.

మరి ఇంత గెలిచాక ఏమవ్వాలి? హైదరాబాద్ ఇంకా పెద్దదవ్వాలి కదా? అవ్వలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే కుర్రాళ్ళు రైలెక్కుతున్నారు.

1966లో నయీముద్దీన్ కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. అదే సంవత్సరం ఇంకో హైదరాబాద్ కుర్రాడూ అదే క్లబ్‌కి వెళ్ళాడు, మొహమ్మద్ హబీబ్, ఫార్వర్డ్. అక్కడ ఫుట్‌బాల్ ఎలా ఉంటుందో చెప్పాలంటే మన భాషలో చెప్తా. ఈస్ట్ బెంగాల్ అభిమానుల గుర్తు ఇలిష్ చేప. అంటే మన పులసే. మోహన్ బగాన్ వాళ్ళ గుర్తు రొయ్య. మ్యాచ్ ఎవరు గెలిస్తే ఆ రోజు మార్కెట్‌లో వాళ్ళ చేప రేటు పెరుగుతుంది! సంక్రాంతికి ఇద్దరు పెద్ద హీరోల సినిమాలు ఒకే రోజు రిలీజైతే థియేటర్ దగ్గర ఎలా ఉంటుందో, ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ సీజన్ అంతా అలా ఉండేది.

డబ్బు సంగతేంటి? అప్పట్లో మన దేశంలో ప్రొఫెషనల్ లీగ్ అనేదే లేదు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది 1996లో. అంటే కాగితం మీద ఈ పెద్ద క్లబ్బుల ఆటగాళ్ళందరూ అమెచ్యూర్లే. కాగితం కింద మాత్రం డబ్బు చేతులు మారేది, బ్యాంకుల్లో, రైల్వేల్లో, పెద్ద ఆఫీసుల్లో ఉద్యోగాలు దొరికేవి. ట్రాన్స్‌ఫర్ల సీజన్ వస్తే, అవతలి క్లబ్‌వాళ్ళు ఎత్తుకుపోతారని ఆటగాళ్ళని ఎక్కడెక్కడో దాచిపెట్టేవాళ్ళు. మనం ఎమ్మెల్యేలని రిసార్టుల్లో పెట్టినట్టు! పోలీస్ జట్టు ఆ పోటీకి ఎలా తట్టుకుంటుంది? కానిస్టేబుల్ జీతం, హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్, అంతే కదా దాని దగ్గర ఉన్నది.

నేను నయీముద్దీన్ గారిని తప్పుపట్టను. నేనూ మంగళగిరి వదిలి హైదరాబాద్ వెళ్ళినవాణ్ణే. మా బ్యాచ్‌లో సగంమంది ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. పని ఎక్కడుంటే మనిషి అక్కడికి వెళ్తాడు. ఆయన ఈస్ట్ బెంగాల్‌కి ఆడారు, మోహన్ బగాన్‌కి ఆడారు, మొహమ్మదన్ స్పోర్టింగ్‌కీ ఆడారు. కలకత్తాలో మూడు పెద్ద క్లబ్బులూ కావాలనుకున్న డిఫెండర్ అంటే మామూలు విషయం కాదు. ఫార్వర్డ్ ఒక సీజన్ గోల్స్ కొట్టకపోయినా పాత గోల్స్ చూసి కొంటారు. డిఫెండర్‌ని కొనాలంటే, అతను లేనప్పుడు ఎన్ని గోల్స్ పడతాయో తెలిసి ఉండాలి.

బ్యాంకాక్

1970కి వద్దాం. కెప్టెన్ నయీముద్దీన్, కోచ్‌లలో ఒకరు జకార్తాలో గోల్ కొట్టిన పీకే బెనర్జీ. జట్టులో హబీబ్ కూడా ఉన్నారు. సెమీఫైనల్లో బర్మా చేతిలో 2-0తో ఓడిపోయాం. ఆ బర్మా ఆ ఏడాది దక్షిణ కొరియాతో కలిసి బంగారం పంచుకుంది. మనకి మిగిలింది మూడో స్థానం మ్యాచ్.

ఒక డిఫెండర్‌గా ఆలోచించండి. సెమీస్‌లో రెండు గోల్స్ పడ్డాయి. మీరు కెప్టెన్. అంటే ఆ రెండు గోల్స్ మీ ఖాతాలో. అవతల జపాన్. మన జట్టు ఒక్క గోల్ కొట్టింది. ఒక్క గోల్ ఆధిక్యం అంటే డిఫెండర్‌కి నరకం. రెండు గోల్స్ ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక్క గోల్ ఉంటే, ప్రతి కార్నర్, ప్రతి త్రో, ప్రతి క్రాస్ మెడల్‌ని పట్టుకుపోవడానికి వచ్చినట్టే ఉంటుంది. విజిల్ మోగేదాకా ఆ సున్నాని కాపాడుకోవాలి. కాపాడారు. అదే మన చివరి మెడల్.

అదే ఏడాది ఆయనకి అర్జున అవార్డ్ వచ్చింది.

ఇప్పుడు ఇంకో రైలెక్కిన హబీబ్ సంగతి చూడండి. 1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ 2-2 డ్రా చేసింది. అందులో ఒక గోల్ హబీబ్‌ది. 2023 ఆగస్టు 15న ఆయన పోయినప్పుడు ప్రతి వార్తలోనూ పీలే పేరు ఉంది. హబీబ్ గొప్పవాడు, అందులో డౌటే లేదు. నేను అడిగేది ఒక్కటే. పీలేకి గోల్ కొట్టడం కథ అవుతుంది, జపాన్‌ని గోల్ కొట్టకుండా ఆపడం ఎందుకు కథ అవ్వదు?

ఆపడం నేర్పినాయన

ఆట మానేశాక నయీముద్దీన్ కోచ్ అయ్యారు. 1990లో ఆయన కోచింగ్‌లో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది డ్యూరాండ్ కప్, రోవర్స్ కప్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ గెలిచింది. అదే సంవత్సరం ద్రోణాచార్య అవార్డ్ ఇచ్చారు. ఫుట్‌బాల్‌లో ఆ అవార్డ్ అందుకున్న మొదటి కోచ్ ఆయనే. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య. తర్వాత భారత జట్టుకీ కోచ్ అయ్యారు. 2005లో కరాచీలో శాఫ్ గోల్డ్ కప్ ఫైనల్లో బంగ్లాదేశ్‌ని 2-0తో ఓడించి కప్పు తెచ్చింది ఆయన జట్టే. అందులోనూ ఆ సున్నా చూడండి!

కోచ్‌గా ఆయన చాలా స్ట్రిక్ట్ అని పేరు. టైమ్ అంటే టైమ్, ఫిట్‌నెస్ అంటే ఫిట్‌నెస్. కొంతమంది ఆటగాళ్ళకి అది నచ్చేది కాదు కూడా. 2006లో వరస ఓటముల తర్వాత ఆ ఉద్యోగం పోయింది. కోచ్ బతుకూ డిఫెండర్ బతుకు లాంటిదే. గెలిస్తే గోల్ కొట్టినవాడిది, ఓడితే ఈయనది.

క్లబ్ కూడా వెళ్ళిపోయింది

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో ఐఎస్ఎల్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు కొట్టింది. నేను అప్పుడు రూమ్‌లో ఫోన్‌లో చూస్తూ ఎగిరి గంతేశాను. వెనక గోడలా నిలబడిన చింగ్లెన్‌సనా సింగ్‌ది మణిపూర్, ఆకాశ్ మిశ్రాది ఉత్తరప్రదేశ్. ఒకప్పుడు దేశానికి బ్యాక్‌లని సప్లై చేసిన ఊరు, ఇప్పుడు బ్యాక్‌లని బయటనుంచి తెచ్చుకుంది. తర్వాత డబ్బు కష్టాలు, చివరికి 2025లో ఆ క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. 1966లో ఆటగాళ్ళు రైలెక్కారు, 2025లో క్లబ్బే ఎక్కేసింది.

అంతా చీకటేం కాదు. అనంతపురంలో ఆర్డీటీ అకాడమీలో పల్లెటూరి పిల్లలు, ఆడపిల్లలు కూడా, ఫుట్‌బాల్ ఆడుతున్నారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య ఇండియాకి ఆడింది, క్లబ్ ఈస్ట్ బెంగాల్. దారి అదే, ఇప్పటికీ కలకత్తాకే. మా ఊరి పక్కన నవులూరులో పెద్ద క్రికెట్ స్టేడియం కట్టారు. నాకు క్రికెట్ అంటే ఇష్టమే, వెళ్తాను కూడా. కానీ ఆ రోడ్డు మీద వెళ్తున్నప్పుడల్లా ఒకటి అనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ అనే పేరు సంతోష్ ట్రోఫీ మీద ఉందని ఇక్కడ ఎంతమందికి తెలుసు?

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు పోయిందని అడిగితే అందరూ క్రికెట్ మీద తోసేస్తారు. నాకు అలా అనిపించదు. 1983 వరల్డ్ కప్‌కి చాలా ముందే కుర్రాళ్ళు కలకత్తా వెళ్ళిపోయారు. ఉన్న ఒక్క గురువు 1963లో పోయాడు. గెలుస్తున్నంతకాలం ముందున్నవాళ్ళని చూసి చప్పట్లు కొట్టాం. వెనక కాపలా కాసేవాడికి ఇంత జీతం, ఇంత గ్రౌండ్, ఇంత గౌరవం ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. వాడు వెళ్ళిపోయాక గోల్స్ పడ్డాయి. నా ఉద్యోగంలోనూ అంతే. నేను మానేసిన రెండు నెలలకి పాత టీమ్ నుంచి ఫోన్, "ఆ సర్వర్ నువ్వు ఎలా చూసేవాడివి రా?" అని. అప్పుడు అడిగారు!

సరే, చివరికి ఒక చిన్న పని. ఈసారి లైక్ అడగను. మీరు తర్వాత ఏ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసినా, ఐఎస్ఎల్ అవ్వొచ్చు, వరల్డ్ కప్ అవ్వొచ్చు, మీ కాలేజీ మ్యాచ్ అవ్వొచ్చు, పది నిమిషాలు బంతిని వదిలేయండి. వెనక ఉన్న ఒక్క మనిషిని చూడండి. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు అతను ఎక్కడ నిలబడ్డాడు, ఎటు తిరిగాడు, ఎవరికి చెయ్యి చూపించి అరిచాడు. పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది, నేను స్కూల్లో చేసినట్టు అతను గాలిగోపురం చూస్తూ నిలబడలేదని.

స్కోరు 1-0 అని వస్తే, ఒకటి ఎవరిదో అందరూ చెప్తారు. సున్నా ఎవరిదో మీరు అడగండి. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.